నాన్న లారీ డ్రైవర్, నేను లాజిస్టిక్స్ డిగ్రీ చేస్తానంటే ఇంట్లో వద్దంటున్నారు

మూసీగట్టు_పిల్ల:

అందరికీ నమస్తే. మాది కేతేపల్లి మండలంలో చిన్న ఊరు, కొర్లపహాడ్ టోల్‌గేటుకు దగ్గర. ఈ ఏడు ఇంటర్ సీఈసీ అయిపోయింది, 871 మార్కులు. డిగ్రీ సీట్ల సైటు దోస్త్‌లో 200 కట్టి రిజిస్టర్ అయ్యాను కానీ వెబ్ ఆప్షన్లు ఇంకా లాక్ చేయలేదు. రెండు కోర్సుల మధ్య ఊగుతున్నా. ఒకటి నల్లగొండలో బీకాం కంప్యూటర్స్, రోజూ బస్సులో పోయి రావచ్చు, ఖర్చు లేదు. రెండోది హైదరాబాద్‌లో బీబీఏ లాజిస్టిక్స్, అంటే సరుకు రవాణా, నిల్వ చూసుకునే చదువు, దానికి హాస్టల్ ఖర్చు అదనం.

మా నాన్న 22 ఏళ్లుగా లారీ నడుపుతున్నాడు, సొంత బండి కాదు. ఎక్కువగా మిర్యాలగూడ మిల్లుల నుంచి కాకినాడకు బియ్యం, అప్పుడప్పుడు వాడపల్లి సిమెంటు. నేను లాజిస్టిక్స్ పేరెత్తగానే "లారీల బతుకు నాతోనే పోవాలె అనుకుంటుంటె, నువ్వు సదువుకొని మళ్ల లారీల కాడికే పోతనంటవేందే బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆ ముచ్చటే తీయలేదు. అమ్మ అయితే డిగ్రీ, బీఈడీ చేసి టీచర్ అవ్వమంటుంది.

నాకు దీని మీద మనసు ఎందుకు పోయిందంటే, నాన్న ఫోన్‌లో బిల్టీలు (లారీ సరుకు రసీదులు), ఈ-వే బిల్లులు (సరుకు రవాణాకు జీఎస్టీ కాగితాలు) చూసి పెట్టేది నేనే. పోయిన ఏడాది సిమెంటు లోడుతో వస్తుంటే నార్కట్‌పల్లి దాటాక బండి ఇంజన్ పట్టేసింది, సరుకు వేరే బండిలోకి మార్చారు కానీ ఈ-వే బిల్లులో కొత్త బండి నంబరు ఎవరూ మార్చలేదు, చెకింగ్‌లో ఆపేశారు. రాత్రి పదకొండింటికి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బీలో నంబరు మార్చమని చెప్పింది నేనే. అంతకుముందే నెట్‌లో చదివాను కాబట్టి తెలిసింది. ఆ రోజు నుంచి ఇది చదువుకోవచ్చు కదా అనిపిస్తోంది. నిజంగా ఉద్యోగాలు ఉంటాయా, గోదాముల్లో అట్టపెట్టెలు మోయడమేనా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

జడ్చర్ల_జంక్షన్:

చెల్లెమ్మా, పార్ట్-బీ సంగతి మా దగ్గర ఎంబీఏ చేసి వచ్చినవాళ్లకు కూడా మూడుసార్లు చెప్పాల్సి వస్తుంది, ముందు ఆ మాట మీ నాన్నకు చెప్పు.

నేను కొత్తూరు దగ్గర ఒక పెద్ద గోదాములో షిఫ్ట్ ఇన్‌చార్జిని. చేరినప్పుడు 16 వేలు, ఇప్పుడు ఆరేళ్లకు 41 వేలు. అట్టపెట్టెలు మోశానా అంటే మోశాను, మొదటి నాలుగు నెలలు పికింగ్, ప్యాకింగ్, స్కానింగ్ అన్నీ చేయించారు. అది చేయనివాడు తర్వాత ప్లాన్ వేస్తే కాగితం మీద బాగుంటుంది, ఫ్లోర్ మీద నడవదు. ఒక్క ఉదాహరణ చెప్తా. ఆర్డర్లు ఏరే మనిషి రోజులో ఎక్కువ టైం దేనికి పెడతాడు అనుకుంటున్నావు? నడకకు. సరుకు తీయడానికి కాదు, సరుకు దాకా పోవడానికి. రోజూ వందసార్లు పోయే సరుకును వెనక గోడ దగ్గర పెట్టి, నెలకు ఒకసారి పోయేదాన్ని డెస్పాచ్ డోర్ పక్కన పెడితే పిల్లలు సాయంత్రానికి కాళ్లు పట్టుకొని కూర్చుంటారు, ట్రక్కు లేటవుతుంది. మేము నెలకోసారి లెక్క తీసి ఏ, బీ, సీ అని సరుకును విడదీసి, ఏ క్లాసువి ముందుకు తెస్తాం. బీబీఏ పుస్తకంలో దీన్నే ఏబీసీ అనాలిసిస్ అని ఒక పేజీలో చెప్తారు. మా దగ్గర ఒకసారి అట్లా ర్యాకులు మార్చాక అదే మనుషులతో రెండు గంటల ముందే ట్రక్కులు కదిలాయి.

ఇంకో మాట, ఈ గోదాములన్నీ మన రోడ్ల మీదికే ఎందుకు వచ్చాయో తెలుసుకో, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. 2017 జూలైలో జీఎస్టీ రాకముందు రాష్ట్రం దాటి అమ్మితే సీఎస్టీ అనే కేంద్ర అమ్మకపు పన్ను పడేది, దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు ప్రతి రాష్ట్రంలో ఒక చిన్న గోదాము పెట్టుకునేవి. జీఎస్టీ వచ్చాక ఆ అవసరం పోయింది. నాలుగు చిన్నవాటి బదులు హైవే పక్కన ఒక పెద్దది చాలు. అందుకే 44వ నంబరు హైవే మీద శంషాబాద్ నుంచి షాద్‌నగర్ దాకా రేకుల షెడ్లు అన్ని లేచాయి. మీ వైపు విజయవాడ రోడ్డు మీద బాటసింగారంలో లాజిస్టిక్స్ పార్కు ఉంది కదా. మా పాలమూరోళ్లు ఒకప్పుడు బొంబాయికి బస్సెక్కేవాళ్లు, ఇప్పుడు మా ఊరి పిల్లలు పొద్దున కంపెనీ బస్సెక్కి రాత్రికి ఇంటికొస్తున్నారు. జీతం గొప్పగా ఉందని అనను, కానీ ఇంటికొస్తున్నారు.

సూటిగా_చెప్తా:

అందరూ ఎగేస్తున్నారు కాబట్టి నేను రెండో వైపు చెప్తా. నాది సూర్యాపేట. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థలో "లాజిస్టిక్స్ అండ్ ఎయిర్‌పోర్ట్ మేనేజ్‌మెంట్" డిప్లొమా చేశాను, 70 వేలు కట్టించుకున్నారు, నూరు శాతం ప్లేస్‌మెంట్ అన్నారు. ప్లేస్‌మెంట్ ఇచ్చారు, అబద్ధం చెప్పను. పార్సిల్ హబ్‌లో రాత్రి షిఫ్ట్ సార్టింగ్, 12 వేలు. నా పక్కన నిలబడి అదే పని చేసే పిల్లాడు పది ఫెయిల్. ఆ 70 వేలు తీర్చడానికి నాకు ఏడాదిన్నర పట్టింది.

నా ఉద్దేశం బీబీఏ లాజిస్టిక్స్ చెడ్డదని కాదు. డిగ్రీలోనే ఒక్కదాంట్లో ఇరుక్కోకు. నల్లగొండలో బీకాం చెయ్యి, జీఎస్టీ, టాలీ, ఎక్సెల్ గట్టిగా పట్టుకో, ఆ తర్వాత ఐసెట్ రాసి ఎంబీఏలో ఆపరేషన్స్ గానీ సప్లై చైన్ గానీ తీసుకో. అప్పటికీ ఇష్టం ఉంటేనే. 18 ఏళ్లకు ఉన్న ఇష్టం 21కి ఉంటుందని గ్యారంటీ ఏముంది? హాస్టల్ ఖర్చు మూడేళ్లు మిగులుతుంది, అది చిన్న విషయం కాదు, కిరాయి బండి నడిపే ఇంట్లో అసలే కాదు.

మిల్లు_గుమాస్తా:

మిర్యాలగూడ నుంచి. మీ నాన్న బండికి నేను ఎప్పుడైనా గేట్ పాస్ రాసే ఉంటాను.

గోదాముల గురించి అన్న చెప్పాడు. నేను ఎగుమతి కాగితాల వైపు పనిచేస్తా, దీని గురించి మన దగ్గర ఎవరూ పిల్లలకు చెప్పరు. మా బియ్యం కాకినాడ నుంచి ఎక్కువగా ఆఫ్రికా దేశాలకు పోతుంది. లారీ మిల్లు దాటాక సరుకు వెనక కాగితాల ఊరేగింపే ఉంటుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, కస్టమ్స్‌కు షిప్పింగ్ బిల్లు, పురుగు చావడానికి పొగ పట్టించామని ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, పురుగూ తెగులూ లేవని ఫైటో సర్టిఫికెట్, చివరికి ఓడలో ఎక్కాక బిల్ ఆఫ్ లేడింగ్. ఆ చివరి కాగితం ఎవరి చేతిలో ఉంటే సరుకు వాళ్లది. డబ్బు కడతామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం ఎల్‌సీలో ఒక రకంగా, మన కాగితంలో ఒక రకంగా కొనుగోలుదారు పేరు ఉంటే, ఒక్క అక్షరం తేడా వచ్చినా చాలు, డబ్బు ఆగుతుంది. నేను చేరిన కొత్తలో ఒక పేరులో స్పెల్లింగ్ తప్పు కొట్టాను, సేటు నన్ను ఏమీ అనలేదు, వారం రోజులు మాట్లాడలేదు అంతే.

2023 జూలై 20 గుర్తుంది నాకు. తెల్లబియ్యం ఎగుమతి ఆపేస్తూ నోటిఫికేషన్ వచ్చింది. అప్పటికే ఓడలోకి ఎక్కించడం మొదలైన సరుకుకు, షిప్పింగ్ బిల్లు ఫైలై ఓడ రేవుకు వచ్చి ఉన్న సరుకుకు మినహాయింపు ఇచ్చారు. అంటే ఏ కాగితం ఏ తేదీన ఫైలైంది అన్నదాని మీదే సరుకు పోతుందా, గోదాములో పడి ఉంటుందా అని తేలింది. మళ్లీ తర్వాతి నెల ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశారు. పాత రేటుకు ఒప్పుకున్న ఆర్డర్లలో ఆ సుంకం ఎవరు కట్టాలి? ఒప్పందంలో ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకానే అమ్మేవాడి ఖర్చు) అని ఉందా, సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కూడా అమ్మేవాడిదే) అని ఉందా, సుంకం ఎవరి మీద అని ఏమన్నా రాసుకున్నారా, అప్పుడు తీసి చదివారు అందరూ. ముందే చదివినవాళ్లు హాయిగా నిద్రపోయారు.

బియ్యానికి కస్టమ్స్ పద్దు 1006. అందులో మళ్లీ పాలిష్ బియ్యం 1006 30, నూకలు 1006 40. 2022 సెప్టెంబరులో నూకల మీద నిషేధం వచ్చినప్పుడు ఈ చివరి రెండు అంకెలే బతుకు. ఇలాంటివి తెలిసిన మనిషి కోసం మిల్లులు, సరుకును ఓడల్లో, విమానాల్లో పంపించిపెట్టే ఫార్వర్డర్లు, కస్టమ్స్ కాగితాలు చూసే బ్రోకర్ ఆఫీసులు వెతుక్కుంటాయి. బ్రోకర్ దగ్గర పనిచేసేవాళ్లకు ఇచ్చే హెచ్ కార్డుతో మొదలుపెట్టి, పరీక్ష రాసి జీ కార్డు, ఆ పైన ఎఫ్ కార్డు పరీక్ష పాసైతే సొంతంగా లైసెన్సు దాకా పోవచ్చు. ఆ పరీక్ష కఠినం, సీఏ చదివినట్టు చదవాలి. కానీ కూర్చుని చేసే పని, ఆడపిల్లకు హాయి.

మూసీగట్టు_పిల్ల:

థాంక్యూ అన్నా, ఈ నూకల నంబరు సంగతి రాసి పెట్టుకున్నా. 12 వేల సార్టింగ్ అన్న మాట చదివి కొంచెం టెన్షన్ పట్టుకుంది, నిజం చెప్పాలంటే. ఇంకో విషయం, "ఆడపిల్లకు హాయి" అన్నారు, అంటే మిగతా పనులు ఆడవాళ్లు చేయరా? రాత్రి షిఫ్టులు ఉంటాయా? అమ్మ భయం అదే.

శంషాబాద్_అక్క:

చేస్తారు చెల్లీ, నేనే చేస్తున్నా. మాది దేవరకొండ. ఎయిర్‌పోర్టు దగ్గర ఫార్మా సరుకు పంపే ఒక ఫ్రైట్ ఫార్వర్డర్ దగ్గర తొమ్మిదేళ్లు. మిల్లు అన్నా, కూర్చుని చేసే పనే హాయి అనుకుంటే మీ ఇష్టం, నాకైతే సరుకును కళ్లతో చూడకపోతే పొద్దు పోదు.

రాత్రి షిఫ్టులు ఉంటాయి, దాచేది లేదు, విమానాలు మన నిద్ర చూసుకొని ఎగరవు. ఇంటర్వ్యూలోనే అడగాలి: క్యాబ్ ఇంటి గేటు దాకా వస్తుందా, లేక మెయిన్ రోడ్డు మీద దింపుతుందా, క్యాబ్‌లో ఇంకెవరుంటారు, సెక్యూరిటీ ఉంటుందా. అడిగితే తప్పుగా అనుకుంటారేమో అని నేను మొదటి కంపెనీలో అడగలేదు, మూడు నెలలు రాత్రి రెండింటికి హాస్టల్ దాకా ఒక్కదాన్నే నడిచాను. రెండో కంపెనీలో మొదటి ప్రశ్నే అది.

పని గురించి చెప్తా. టీకాలు, కొన్ని ఇంజెక్షన్లు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్యాక్టరీలో ఉంటాయి, విమానంలో ఉంటాయి, మధ్యలోనే చిక్కు. మే నెలలో మన ఎండలు ఎట్లుంటాయో నీకు తెలుసు, లారీ నుంచి దింపి కోల్డ్ రూమ్‌లో పెట్టే ఆ పది నిమిషాలు, మళ్లీ విమానం దగ్గరికి ట్రాలీ మీద పోయే ఆ కాసేపు, అక్కడే సరుకు పాడయ్యేది. పెట్టెలో డేటా లాగర్ అని చిన్న మీటర్ పెడతాం, అది దారి పొడవునా ఉష్ణోగ్రత రాసుకుంటూ పోతుంది. అవతలి దేశంలో పెట్టె విప్పి మీటర్ చూస్తే, ఎక్కడ ఎన్ని నిమిషాలు వేడెక్కిందో తేలిపోతుంది, ఇక ఎవరూ ఎవరి మీదా తోయలేరు. ఒకసారి అట్లా తేలినప్పుడు తప్పు మాదే, క్యాబ్ కోసం చూస్తూ నేను హ్యాండోవర్ కాగితం మీద టైం తప్పు వేశాను. సరుకు బాగానే ఉంది గానీ, బాగుందని రుజువు చేయడానికి నాలుగు రోజులు పట్టింది.

మందుల్లో ముందు వచ్చింది ముందు పంపడం కాదు, ముందు ఎక్స్‌పైరీ అయ్యేది ముందు పంపాలి. ఇంటర్వ్యూలో ఈ తేడా అడుగుతారు, ఎఫ్ఈఎఫ్‌ఓ అంటారు.

కామర్స్_సార్:

నేను ఈ జిల్లాలోనే డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్తాను. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టమ్మా.

ముందు కోర్సు సంగతి. మన రాష్ట్రంలో కొన్ని కాలేజీల్లో లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ తోడ్పాటుతో అప్రెంటిస్‌షిప్ కలిసిన డిగ్రీ నడుస్తోంది. మామూలు బీబీఏ వేరు, ఇది వేరు. ఇందులో కొంతకాలం క్లాసు, కొంతకాలం కంపెనీలో పని, ఆ పనికి స్టైపెండ్, మార్కులు కూడా. నువ్వు చూసినది ఏదో దోస్త్ లిస్టులో కోర్సు పేరు పూర్తిగా చదువు. తర్వాత కాలేజీకి ఫోన్ చేసి మూడు అడుగు. పోయిన బ్యాచ్ పిల్లలు ఏ కంపెనీలో ఏ పని చేశారు, వాళ్లలో ఇద్దరి నంబర్లు ఇస్తారా, ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బులు పడేదాకా మెమోలు, టీసీ ఆపుతారా. రెండో ప్రశ్నకు నీళ్లు నమిలితే ఫోన్ పెట్టేయ్. సూటిగా చెప్పే తమ్ముడికి జరిగింది అక్కడే, ఆయన కోర్సు లాజిస్టిక్స్ కావడం వల్ల కాదు.

అయితే ఆయన బీకాం సలహాలో నిజం ఉంది. మంచి కాలేజీ దొరక్కపోతే బీకామే మేలు. ఎంబీఏ దశలో దారులు బాగా తెరుచుకుంటాయి. ఐసెట్ ఉంది, విశాఖలో క్యాంపస్ ఉన్న ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ ఉంది, వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయం ఉంది, అది కేంద్ర విశ్వవిద్యాలయం, రైల్వేల చుట్టూ పుట్టింది. ఇంకా పై చూపు ఉంటే ముంబైలో ఒకప్పుడు ఎన్ఐటీఐఈ అనే కాలేజీ, 2023 నుంచి ఐఐఎం ముంబై, సప్లై చైన్ అంటే దేశంలో మొదట గుర్తొచ్చేవాటిలో ఒకటి, క్యాట్ రాయాలి. ఈ లోపల ఎన్‌పీటీఈఎల్ సైటులో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

చదువు అంటే ఏముంటుంది అని కూడా అడగాలి నువ్వు, అడగలేదు. లెక్కలుంటాయి. మీ ఊరి కిరాణా కొట్టాయన ఒకేసారి ఎన్ని బస్తాలు తెచ్చుకోవాలి? ఎక్కువ తెస్తే డబ్బు ఇరుక్కుపోతుంది, ఎలుకలు కొడతాయి. తక్కువ తెస్తే ప్రతిసారీ ఆటో కిరాయి. ఈ రెండు ఖర్చులూ సమానమయ్యే చోట మొత్తం ఖర్చు తక్కువగా ఉంటుందని 1913లో హారిస్ అనే ఆయన సూత్రం కట్టాడు, ఈఓక్యూ అంటారు, అంటే ఒకసారికి ఎంత తెప్పిస్తే లాభమో ఆ లెక్క. సీఈసీ పిల్లలు దీన్ని చూసి బెదురుతారు, బెదరాల్సింది లేదు, వర్గమూలం వస్తే చాలు. అసలు కష్టం సూత్రం కాదు, రేపు ఎంత అమ్ముడుపోతుందో ఊహించడం.

ఇక మీ నాన్న మాట. ఈ వ్యవహారంలో ప్రపంచాన్ని మార్చినవాడు మాల్కమ్ మెక్‌లీన్ అనే అమెరికా ఆయన, ఆయనదీ ఒక్క లారీతో మొదలే, తనే నడిపాడు. రేవులో బస్తా బస్తా దింపుతుంటే లారీలు గంటలకొద్దీ నిలబడటం చూసి, పెట్టె మొత్తాన్ని ఎత్తి ఓడలో పెడితే పోదా అనుకున్నాడు. 1956 ఏప్రిల్‌లో 58 పెట్టెలతో ఆయన మొదటి ఓడ న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పోయింది. మనం కంటైనర్ అంటున్నది అదే. ఓడల కంపెనీల వాళ్లకు తట్టనిది లారీ ఆయనకు తట్టింది, ఎందుకంటే గేటు బయట నిలబడ్డది ఆయనే.

సూటిగా_చెప్తా:

సార్ చెప్పింది ఒప్పుకుంటా. బ్యాచ్ పిల్లల నంబర్లు అడగమన్నది నాకు ఎవరైనా అప్పుడు చెప్పుంటే బాగుండేది. చెల్లీ, కాలేజీ పేరు ఇక్కడ పెట్టకు గానీ నాకు మెసేజ్ చెయ్, మా తమ్ముడు ఆ చుట్టుపక్కలే ఉంటాడు, పోయి చూసి చెప్తాడు.

మూసీగట్టు_పిల్ల:

అందరికీ చాలా థాంక్స్. నాన్న నిన్న రాత్రి కాకినాడ నుంచి వచ్చాడు. అన్నం తింటుంటే సార్ రాసిన మెక్‌లీన్ ముచ్చట చదివి వినిపించా. ఏమీ మాట్లాడలేదు, చేయి కడుక్కున్నాక అడిగాడు, "ఇప్పుడు నన్ను గేటు బయట మూడు రోజులు నిలబెట్టిన్రు. హాల్టింగ్ పైసలు అడిగితె ఓనర్ దిక్కు చూపెట్టిన్రు, ఓనర్ ట్రాన్స్‌పోర్టోని దిక్కు చూపెట్టిండు. గీ లెక్క నీ సదువుల ఉంటదా?"

ఉంటదా అన్నా?

మిల్లు_గుమాస్తా:

ఉంటుంది. ఏ లారీ ఏ గంటకు గేటు దగ్గరికి రావాలో ముందే టైం ఇస్తే సగం క్యూ ఉండదు, దాన్ని స్లాట్ బుకింగ్ అంటారు. మా మిల్లులోనే లేదు, ఓడ వస్తుందని తెలియగానే అన్ని బండ్లనూ ఒకేసారి తోలుతాం, మీ నాన్న నిలబడ్డ మూడు రోజుల్లో మా వాటా ఉంది. హాల్టింగ్, అంటే బండి నిలబెట్టినందుకు ఇచ్చే డబ్బు, ఎన్ని గంటల తర్వాత మొదలవుతుంది, ఎవరు కట్టాలి అన్నది బిల్టీ మీద ముందే రాయించుకోవాలి. బండి గేటు దగ్గరికి చేరిన టైం ఫొటో తీసి పెట్టుకోమను, టైం పడేలా.

జడ్చర్ల_జంక్షన్:

ఎక్సెల్ షీట్ ఒకటి చెయ్ చెల్లీ. నాన్న ట్రిప్పులు ఆరు నెలలవి, లోడింగ్‌కు ఎన్ని గంటలు, రోడ్డు మీద ఎన్ని, సరుకు దింపడానికి ఎన్ని, ఖాళీగా వాపసు ఎన్నిసార్లు వచ్చాడు. కోర్సు ఏదైనా సరే, ఇంటర్వ్యూకు అది పట్టుకొని రా, మా మేనేజర్ ముందు పెడదాం.

మూసీగట్టు_పిల్ల:

నాన్న దగ్గర పాత డైరీలు ఉన్నాయి అన్నా, డీజిల్ లెక్కలన్నీ అందులోనే రాస్తాడు, ఆరు నెలలు కాదు, నాలుగేళ్లవి. ఇవాళ పొద్దున తనే అల్మారాలోంచి తీసి నా మంచం మీద పెట్టి పోయాడు, ఏమీ చెప్పలేదు. కాలేజీకి ఫోన్ చేశా, ఇద్దరు సీనియర్ల నంబర్లు ఇచ్చారు, ఒకామె ఎత్తింది, ఇంకొకరు ఎత్తలేదు. ఎత్తినామె బాటసింగారంలోనే చేస్తోందట, ఆదివారం మాట్లాడతానంది. దోస్త్‌లో రెండు ఆప్షన్లూ పెట్టా, ఏది మొదటిదో ఆదివారం తర్వాత మార్చుకోవచ్చు కదా, గడువు సోమవారం దాకా ఉంది. ఇప్పుడైతే సేవ్ నొక్కితే సైటు గుండ్రంగా తిరుగుతూనే ఉంది.